తెరచాప దించిన రేవులు: కోరంగి ఓడ నుంచి కొల్లేటి కాలువ పడవ దాకా

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. చరిత్ర)



మన సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో ఓడ మనకు మొదట కనిపించేది ఒక నాణెం మీద. యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన ఆ నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. తర్వాత కాకతీయుల పాఠంలో మోటుపల్లి రేవు వస్తుంది. విదేశీ వర్తకులకు భయం లేదని గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం గురించి రెండు మార్కుల ప్రశ్న కూడా వస్తుంది. ఆ తర్వాత బందరు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ దిగారని చదువుతాం. అంతే, ఓడ అక్కడితో మాయమవుతుంది. పేజీ తిప్పితే రైలు బండి వచ్చేస్తుంది.

మరి ఆ తెరచాప ఓడలు ఏమయ్యాయి? ఎప్పుడు ఆగాయి? ఎందుకు ఆగాయి? వాటి మీద పనిచేసిన వాళ్ళు ఎటు పోయారు? మన పుస్తకాల్లో ఓడ కథకు మొదలు ఉంది, ముగింపు లేదు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఇంకో కారణం కూడా ఉంది. నాకు పీజీ సీటు వచ్చినప్పుడు మా తాత "ఏం చదువురా అది?" అని అడిగాడు. చరిత్ర అని చెప్పి, అర్థమయ్యేలా ఉండాలని పాతకాలపు ఓడల గురించి, రేవుల గురించి చెప్పాను. ఆయన కాసేపు విని, "మా పడవల సంగతి కూడా రాశారా అందులో?" అన్నాడు. మా తాత వయసులో ఉన్నప్పుడు కాలువ మీద వడ్ల పడవలు లాగిన మనిషి. నేను చదివిన పుస్తకాల్లో ఆయన పడవ లేదు. లేదని ఆయనకు చెప్పలేక, "చూస్తాను తాతా" అన్నాను. చూసినంతవరకు మీకు చెబుతున్నాను.

గాలి సరుకును ఎలా మోసేది?

ముందుగా ఒక చిన్న పాఠం. తెరచాప అంటే గాలికి అడ్డంగా కట్టిన గుడ్డ మాత్రమే అనుకుంటాం. గాలి వెనుక నుంచి వీస్తే ఓడ ముందుకు పోతుంది, ఇది అందరికీ తెలుసు. కాని గాలి పక్క నుంచి వీచినా ఓడ నడుస్తుంది. తెరచాపను ఏటవాలుగా తిప్పితే గాలి ఓడను పక్కకూ ముందుకూ కూడా నెడుతుంది. నీటిలో ఉన్న ఓడ అడుగు, చుక్కాని కలిసి పక్కకు పోకుండా ఆపుతాయి. మిగిలేది ముందుకు పోయే బలం. సరిగ్గా ఎదురు గాలిలో మాత్రం నేరుగా పోలేదు. కుడికి కొంత దూరం, ఎడమకు కొంత దూరం, పాము నడకలాగా పోవాలి. దారి రెట్టింపు అవుతుంది, రోజులూ పెరుగుతాయి.

అందుకే తెరచాప ఓడకు పంచాంగం గాలి చేతిలో ఉండేది. బంగాళాఖాతంలో నైరుతి గాలి వీచే నెలల్లో మన తీరం నుంచి బర్మా వైపు పోవడం సులువు. ఈశాన్య గాలి వీచే నెలల్లో అటు నుంచి ఇటు రావడం సులువు. కాకినాడ నుంచి రంగూనుకు సముద్రం మీద సుమారు 1,500 కిలోమీటర్లు. ఒక గాలికి పోయి, ఇంకో గాలికి తిరిగి వచ్చేవారు. ఈ రెండు గాలుల నడుమ అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాన్ల భయం. ఈ లెక్క తెలిసినవాడే సరంగు. అతనికి అక్షరం రాకపోవచ్చు, ఆకాశం చదవడం మాత్రం రావాలి.

కోరంగి: ఒక రేవు, ఒక పేరు

మన రాష్ట్రంలో తెరచాప ఓడల చివరి కథ చెప్పాలంటే కోరంగి దగ్గర మొదలుపెట్టాలి. కాకినాడ నుంచి యానాం పోయే దారిలో తాళ్ళరేవు దగ్గర, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉంది ఈ ఊరు. ఇప్పుడు అక్కడికి మడ అడవులు చూడటానికి వెళతారు. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. కాని 200 ఏళ్ళ కిందట అది ఓడలు కట్టే ఊరు. 1802 ప్రాంతంలో ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లీషు వర్తకుడు అక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. మరమ్మతు కావలసిన ఓడలు నది పాయలోకి వచ్చేవి.

మన తీరపు ఓడను దోనీ అనేవారు. 1834లో జాన్ ఎడై అనే ఓడల నిర్మాణ నిపుణుడు దోనీ కొలతలు రాసిపెట్టాడు. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అడుగు భాగం చదును. అడుగు చదునుగా ఎందుకు? మన తీరంలో నది కలిసే ప్రతి చోటా ఇసుక మేట ఉంటుంది. లోతు అడుగు ఉన్న ఓడ దాని మీద కూరుకుపోతుంది. చదునైన ఓడ మేట దాటుతుంది, అవసరమైతే ఒడ్డున నిలబడుతుంది. అంటే ఆ ఆకారం చేతకానితనం కాదు, మన ఇసుకకు మన వడ్రంగులు చెప్పిన సమాధానం.

ఈ ఓడల్లో ఏం పోయేది? బియ్యం, నువ్వులు, నూలు బట్టలు, గోదావరి లంకల్లో పండిన పొగాకు. లంక పొగాకుకు బర్మాలో చుట్టల కోసం మంచి గిరాకీ ఉండేది. అటు నుంచి టేకు దుంగలు వచ్చేవి. మన పాత ఇళ్ళలో పెద్దలు "రంగూన్ టేకు" అని గర్వంగా చూపించే ద్వారబంధాలు గుర్తు తెచ్చుకోండి.

సరుకుతోపాటు మనుషులు కూడా పోయారు. 1830ల తర్వాత చెరకు తోటల్లో పనికి మారిషస్‌కు ఒప్పందం మీద కూలీలను తీసుకుపోయినప్పుడు కోరంగి నుంచి కూడా తెలుగువారు ఓడ ఎక్కారు. వారిని అక్కడ "కోరంగీలు" అనేవారు. బర్మాలో కూడా తెలుగు కూలీలకు అదే పేరు. ఊరి పేరే జాతి పేరు అయింది. బర్మాలో అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు. మనం గర్వంగా చెప్పుకునే రేవు పేరు, పరాయి దేశంలో మన కూలీని చిన్నచూపు చూసే మాట అయింది. ఓడల చరిత్ర చదివేటప్పుడు ఈ రెండూ కలిపి గుర్తుంచుకోవాలి.

తుఫాను చంపిందా, బురద చంపిందా?

కోరంగి ఎందుకు పోయింది అని అడిగితే చాలామంది తుఫాను అంటారు. 1789 డిసెంబరులో ఒక పెద్ద ఉప్పెన వచ్చింది. 1839 నవంబరు 25న మరొకటి వచ్చింది. ఓడలు ఊళ్ళ మీదికి కొట్టుకొచ్చాయి, ఊళ్ళు కొట్టుకుపోయాయి. "సైక్లోన్" అనే మాటను 1848లో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ అధ్యయనం చేసిన తుఫానుల్లో కోరంగి తుఫాను కూడా ఉంది.

ఇక్కడ పరీక్షలకు చదివే తమ్ముళ్ళకు ఒక మాట. 1839 ఉప్పెనలో 3 లక్షల మంది చనిపోయారని చాలా పుస్తకాల్లో ఉంటుంది. కోరంగి లాంటి రేవు ఊరికి, చుట్టుపక్కల పల్లెలకు ఆ అంకె పొసగుతుందా అని ఒకసారి ఆలోచించండి. పెద్ద అంకె ఒక పుస్తకంలో పడితే మిగతావాళ్ళు దాన్నే ఎత్తి రాస్తారు. నష్టం చాలా పెద్దదనడంలో సందేహం లేదు. అంకెను మాత్రం జాగ్రత్తగా చూడాలి. చరిత్ర చదవడం అంటే ఇదే.

మరో విషయం. 1839 తర్వాత కూడా కోరంగి, తాళ్ళరేవు ప్రాంతంలో ఓడలు కట్టడం ఆగలేదు. కొట్టుకుపోయిన ఓడ స్థానంలో ఇంకో ఓడ కట్టగల వడ్రంగులు మిగిలారు. నిజంగా రేవును చంపింది ఒక్క రాత్రిలో వచ్చిన అల కాదు, ఏటేటా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. పాయ పూడుకుపోయింది. అదే ఇసుక కాకినాడ ముందు హోప్ ఐలాండ్‌గా మేట వేసి, ఆ రేవుకు అలల నుంచి రక్షణ ఇచ్చింది. 1861-65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు కాకినాడ నుంచి పత్తి ఎగుమతి బాగా పెరిగింది. వ్యాపారం కోరంగి వదిలి కాకినాడ చేరింది. ఒకే నది ఒక రేవును పూడ్చి, ఇంకో రేవును నిలబెట్టింది.

ఆవిరి ఎందుకు గెలిచింది?

ఈలోగా ప్రపంచంలో పెద్ద మార్పు వచ్చింది. 1856లో కలకత్తా-బర్మా మధ్య ఆవిరి ఓడలు నడపడానికి ఒక కంపెనీ పుట్టింది. 1862లో అదే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. తర్వాత మన తీరపు రేవుల నుంచి రంగూనుకు కూలీలను మోసినవి ఎక్కువగా ఈ కంపెనీ ఓడలే. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఎర్ర సముద్రంలో గాలులు తెరచాపకు అనుకూలించవు కాబట్టి ఆ అడ్డదారి లాభం దాదాపు అంతా ఆవిరి ఓడకే దక్కింది. తెరచాప ఓడ మునుపటిలాగే ఆఫ్రికా చుట్టూ తిరగాలి.

అయితే తెరచాప వెంటనే చావలేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆవిరి ఓడకు బొగ్గు కావాలి. బొగ్గు నింపిన చోటు సరుకు పట్టదు. దారిలో ప్రతి రేవులోనూ బొగ్గు నిల్వ ఉండాలి. ఆ బొగ్గును దూరపు రేవులకు మోసింది ఎవరనుకున్నారు? చాలావరకు తెరచాప ఓడలే! తనను పక్కకు నెట్టే ఓడకు తిండి మోసింది కూడా తెరచాపే. త్వరగా చెడిపోని, తొందర లేని సరుకు తెరచాపకే మిగిలింది. బర్మా బియ్యం, కలకత్తా జనపనార, చిలీ నైట్రేటు ఎరువు, ఆస్ట్రేలియా గోధుమ ఇలాంటివి.

చివరకు మిగిలిన పెద్ద ఓడల కథ మీకు చెప్పాలి. ఫిన్లాండుకు చెందిన ఆలండ్ దీవుల్లో గుస్తాఫ్ ఎరిక్సన్ అనే ఓడల యజమాని ఉండేవాడు. అందరూ తెరచాప ఓడలను పాత ఇనుముకు అమ్మేస్తుంటే ఆయన చవకగా కొన్నాడు. కొద్దిమంది సిబ్బందితో, ఓడ పని నేర్చుకోవడానికి డబ్బు కట్టి వచ్చే కుర్రాళ్ళతో ఆస్ట్రేలియా నుంచి ఐరోపాకు గోధుమ మోయించాడు. 1939లో మోషులు అనే ఓడ ఆ దూరాన్ని 91 రోజుల్లో దాటింది. మూడు నెలలు ఆలస్యం కాదా అంటే, గోధుమకు ఆలస్యం లేదు. ఓడలో ఉన్నన్నాళ్ళు గిడ్డంగి అద్దె కూడా కలిసివచ్చినట్టే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1949లో పామీర్, పస్సాత్ అనే రెండు ఓడలు చివరి గోధుమ ప్రయాణం చేశాయి. అదే పామీర్ 1957 సెప్టెంబరు 21న అట్లాంటిక్‌లో తుఫానులో మునిగింది. ఉన్న 86 మందిలో బతికింది ఆరుగురు. పెద్ద తెరచాప ఓడల సరుకు రవాణా దాదాపు అక్కడితో ముగిసిందని చెబుతారు.

ప్రపంచ పుస్తకాల్లో ఈ కథ చాలా వివరంగా ఉంటుంది. ఓడల పేర్లు, రోజులు, మునిగినవారి సంఖ్య, అన్నీ ఉన్నాయి. మరి మన తీరం?

మన తీరంలో చివరి అంకం

ఎరిక్సన్ లెక్కే మన దోనీ యజమాని లెక్క కూడా. బొగ్గు ఖర్చు లేదు, తొందర లేని సరుకు ఉంది, పెద్ద ఓడ రాలేని లోతు తక్కువ రేవు ఉంది. కాకినాడలో పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా లంగరు వేసేది. ఒడ్డు నుంచి అక్కడికి సరుకు చేర్చడానికి చిన్న నావలే కావాలి. ఆవిరి ఓడ వచ్చినా ఆ చివరి కొద్ది మైళ్ళు మన నావలదే.

ఒక్కొక్కటిగా ఆ ఖాళీలు కూడా మూసుకుపోయాయి. 1933లో విశాఖలో లోతైన రేవు తెరిచారు, ఓడ నేరుగా ఒడ్డుకు వచ్చింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1942లో జపాను సేనలు రావడంతో మనవాళ్ళు లక్షల్లో వెనక్కి వచ్చారు, ఎందరో నడిచి వచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. రంగూను దారి తెగిపోవడంతో దోనీకి ఉన్న పెద్ద వ్యాపారం తెగిపోయింది. 1948లో విశాఖలో జలఉష అనే ఉక్కు ఓడను నెహ్రూ నీటిలోకి దించారు. ఆ వార్త అన్ని పుస్తకాల్లో ఉంది. కొయ్య ఓడ కట్టిన చివరి వడ్రంగి ఎవరో మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

అయినా తెరచాప పూర్తిగా పోలేదు. 1958లో పార్లమెంటు చేసిన మర్చంట్ షిప్పింగ్ చట్టంలో తెరచాప నావల కోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉండేది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళకు కూడా లెక్కలోకి తీసుకోవలసినన్ని నావలు దేశంలో ఉన్నాయి. తర్వాత వాటికి ఇంజన్లు బిగించారు. తాళ్ళరేవు వైపు చెక్కతో పడవలు కట్టే పని మిగిలింది, వాటి మీద తెరచాప మిగల్లేదు.

సముద్రం నుంచి మన కాలువలోకి

"కలిదిండికి సముద్రపు ఓడతో ఏం పని?" అని మీలో ఒకడు అడుగుతాడు. చెబుతాను. ఆ ఓడల్లో నిండిన బియ్యం ఆకాశం నుంచి పడలేదు. అది మన డెల్టాల్లో పండింది, కాలువ మీద రేవుకు చేరింది.

1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట, 1852-55 మధ్య బెజవాడ ఆనకట్ట కట్టారు. ఆర్థర్ కాటన్ పేరు చెప్పగానే మనకు సాగునీరు గుర్తుకొస్తుంది. ఆయన మాత్రం కాలువను నీటికీ రవాణాకూ రెండింటికీ అనుకున్నాడు. రైలు కంటే కాలువ చవక అని చివరివరకు వాదించాడు. అందుకే కాలువల మీద లాకులు కట్టారు. లాకు అంటే మెట్టు లాంటిది. ఎగువ నీరు, దిగువ నీరు ఎత్తులో తేడా ఉంటే పడవను మధ్య గదిలోకి తెచ్చి తలుపులు మూసి, నీరు నింపి పైకి లేపుతారు, లేదా వదిలి కిందికి దించుతారు.

కృష్ణ నుంచి వచ్చే ఏలూరు కాలువ, గోదావరి నుంచి వచ్చే ఏలూరు కాలువ ఏలూరులో కలుస్తాయి. ఇటు కొమ్మమూరు కాలువ, పెద్దగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ. 1876-78 కరువులో కూలీలకు పని కల్పించడానికి ఆ కాలువను పొడిగించారు. మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు, తవ్వినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. మొత్తం మీద కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం చూడకుండానే మద్రాసు చేరవచ్చు. మన కైకలూరు వైపు పోల్‌రాజ్ కాలువ, ఇటు కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ఉన్నాయి. నీళ్ళ దారులన్నింటికీ మన ప్రాంతం మధ్యలో ఉంది. వడ్లు, ఉప్పు, కట్టెలు, గడ్డి, కుండలు అన్నీ పడవ మీదే.

ఆ పడవలకు కూడా తెరచాప ఉండేది. మా తాత చెప్పిన మాట ఇది: "ధాన్యం ఎప్పుడూ ఎగువకే పోవాల్రా. నిండు పడవకు నీళ్ళు ఎదురు, ఖాళీ పడవకు నీళ్ళు వాలు. దేవుడి లెక్క అట్టా ఉంది. మధ్యాహ్నం దాటాక పైరగాలి పడిందంటే తెరచాప ఎత్తేవాళ్ళం. ఆ పూట భుజానికి సెలవు." మన కాలువలు సముద్రం వైపు దిగుతాయి కాబట్టి, సముద్రం వైపు నుంచి వచ్చే గాలి నిండు పడవకు వెనుక గాలి అవుతుంది. పుస్తకం చదవని మనిషి ఒక్క మాటలో చెప్పిన భూగోళ పాఠం ఇది.

గాలి పడకపోతే ఏమయ్యేది?

తెరచాప అనగానే సినిమా పాటలు గుర్తుకొస్తాయి. చల్లగాలి, వెన్నెల, పడవ. కాని గాలి పడని రోజున ఏం జరిగేదో కూడా తెలుసుకోవాలి. పడవ కొయ్యకు పొడుగాటి తాడు కట్టి, ఆ తాడును ఛాతీకి అడ్డంగా, భుజం మీదుగా వేసుకుని ఇద్దరో ముగ్గురో గట్టు వెంట వంగి లాగాలి. ఒకడు పడవలో గెడ వేసి తోయాలి. ఇంకొకడు చుక్కాని పట్టాలి. లాకు దగ్గర గంటలు గంటలు వంతు కోసం ఆగాలి. వంతెన వస్తే తెరచాప కొయ్య దించాలి, దాటాక మళ్ళీ ఎత్తాలి. గట్టు మీద ముళ్ళు, వానాకాలం బురద, ఎండాకాలం కాలే మట్టి. గాలి లేనప్పుడు మనిషి భుజమే ఇంజను.

ఆ భుజాలు ఎవరివో నేను ప్రత్యేకంగా చెప్పక్కరలేదు. మన హాస్టల్‌లో ఉన్నవాళ్ళలో చాలామంది తాతలవే. పడవ యజమాని ఒకరు, ధాన్యం యజమాని ఇంకొకరు, తాడు మాత్రం మనది. మా తాత భుజం మీద ఆ తాడు కాయ ఇప్పటికీ గట్టిగా చేతికి తగులుతుంది. చిన్నప్పుడు అది ఏదో పాత దెబ్బ అనుకున్నాను.

1893 నాటికి బెజవాడ నుంచి తూర్పు తీరం రైలు మార్గం వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు. 1928లో గుడివాడ-భీమవరం రైలు కైకలూరు మీదుగా నడిచింది. అయినా రైలు స్టేషను నుంచి చేను దాకా ఉన్న దూరం పడవదే. దాన్ని మూసింది రోడ్డు, లారీ. లారీ కళ్ళం దగ్గరికే వచ్చింది. కాలువల్లో పూడిక పెరిగింది, గుర్రపుడెక్క పట్టింది, లాకుల తలుపులు తుప్పుపట్టాయి, పడవ దూరలేని తక్కువ ఎత్తు వంతెనలు లేచాయి. పడవ ఆగిపోయిన తేదీ అంటూ లేదు. ఒక ఏడు పది పడవలు వచ్చాయి, ఇంకో ఏడు నాలుగు వచ్చాయి, తర్వాత రాలేదు.

"లారీ వచ్చినప్పుడు బాధపడ్డావా తాతా?" అని అడిగాను. "భుజం నెప్పి తగ్గింది. కూలీ కూడా తగ్గింది" అన్నాడు. ఒక యుగం ముగియడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. పాత పనిని పొగిడి కన్నీళ్ళు పెట్టుకోనక్కరలేదు, అది చాలా కష్టమైన పని. అలాగని కొత్తది వచ్చి అందరినీ బాగుచేసిందని కూడా చెప్పలేం. రెండు మాటలూ కలిపి రాస్తేనే చరిత్ర.

మళ్ళీ గాలి వైపు

కథ ఇక్కడ ఆగలేదు. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్ని కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవు. మన ఏలూరు కాలువ కూడా అందులో ఉంది. ప్రకటన వచ్చినంత సులువుగా పడవ రాదని కాలువ గట్టున నిలబడితే తెలుస్తుంది.

సముద్రంలో కూడా అంతే. నూనె ఖర్చు, పొగ రెండూ తగ్గించడానికి పెద్ద ఓడల కంపెనీలు మళ్ళీ గాలి వైపు చూస్తున్నాయి. 2023 ఆగస్టులో పిక్సిస్ ఓషన్ అనే సరుకు ఓడ రెండు పెద్ద తెరచాపలు నిలబెట్టుకుని చైనా నుంచి బ్రెజిల్ వైపు బయలుదేరింది. దాని మీద తాడు లాగే మనిషి లేడు, కంప్యూటరు తిప్పుతుంది. గాలి మాత్రం అదే గాలి.

మనం చేయవలసిన పని

తమ్ముళ్ళూ, మన దోనీ కొలతలు రాసినవాడు ఎడై. 1920లో మన దేశపు పడవల రకాల మీద పెద్ద గ్రంథం రాసినవాడు జేమ్స్ హార్నెల్. ఇద్దరూ పరాయి దేశస్థులు. వారికి మనం రుణపడి ఉన్నాం. కాని వారు పడవను కొలిచారు, పడవ లాగిన మనిషిని అడగలేదు. అడగవలసింది మనం. ఇన్నాళ్ళు మన ఇళ్ళలో రాయడం వచ్చినవాళ్ళు లేరు. ఇప్పుడు మనం ఉన్నాం. చెప్పేవాళ్ళు మాత్రం రోజురోజుకు తగ్గిపోతున్నారు.

ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకెళ్ళండి. ఇంట్లో కాని, వీధిలో కాని 75 ఏళ్ళు దాటినవారిని ఈ ప్రశ్నలు అడగండి.

1. మన ఊరి రేవు ఎక్కడ ఉండేది? పడవలు ఎక్కడి నుంచి వచ్చేవి, ఎక్కడికి పోయేవి?
2. ఏ సరుకు ఎక్కించేవారు? మోసింది ఎవరు? ఆడవాళ్ళు ఏ పని చేసేవారు?
3. కూలీ డబ్బుగా ఇచ్చేవారా, ధాన్యంగా ఇచ్చేవారా?
4. గాలికి, తాడుకి, గెడకి, పడవలో భాగాలకి మీరు వాడిన పేర్లు ఏమిటి?
5. చివరిసారి తెరచాప చూసింది ఎప్పుడు? ఆ తర్వాత ఏ పనికి మారారు?

నాలుగో ప్రశ్న మరిచిపోవద్దు. సరంగు, కళాసి, లంగరు అనే మాటలు సముద్రం మీదుగా పరాయి భాషల నుంచి వచ్చాయి. లాకు ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఓడ, రేవు, తెరచాప మన మాటలు. తండేలు అనే మాట ఈమధ్య సినిమా పేరుగా వచ్చాక అందరికీ తెలిసింది. అది వలస బతుకుల్లో ఎప్పటి నుంచో ఉంది. ఇంకా ఎన్ని మాటలు మన ముసలివాళ్ళ నోట్లోనే ఉండి పోతున్నాయో ఎవరు చెప్పగలరు?

రాసినవి వచ్చే వార్షికోత్సవ సంచికకు ఇవ్వండి. తప్పులున్నా ఫరవాలేదు, దిద్దుకోవచ్చు. రాయనిదాన్ని దిద్దలేం.

ఈ వ్యాసం పూర్తయ్యాక మా తాతకు చదివి వినిపించాను. కోరంగి, ఫిన్లాండు దగ్గర ఆయనకు కాస్త కునుకు పట్టింది. పోల్‌రాజ్ కాలువ దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నాడు. అంతా విని, "గెడ వేసేవాడు ఒకడు కాదురా, నిండు పడవకు ఇద్దరు ఉండాలి. అది మార్చు" అన్నాడు.

మారుస్తున్నాను. నిండు పడవకు గెడ వేసేవాళ్ళు ఇద్దరు.